మత్తు డాక్టరు జేబులో టేపు

మత్తు డాక్టరు భీమశంకరం గారి మెడలో స్టెతస్కోపు లేని రోజు ఉండొచ్చు గానీ, కోటు జేబులో టేపు లేని రోజు మాత్రం లేదు. దర్జీలు మెడలో వేసుకునే పసుపుపచ్చ టేపు అది. అంచులు మాసి, అంకెలు సగానికి సగం చెరిగి, పాము విడిచిన కుబుసంలా ఉంటుంది. ఆపరేషను బల్ల మీదికి కలెక్టరు గారి అత్తగారు వచ్చినా, కంకర మోసే కూలి మనిషి వచ్చినా ఆయనకి ఒకటే. నడినెత్తి నుంచి మడమ దాకా కొలిచి, ఆ అంకె కేసుషీటులో తన చేత్తో రాసుకుంటే గానీ మత్తుమందు ముట్టుకునేవారు కాదు. దాంతో పెద్దాసుపత్రిలో ఆయనకి టైలరు సారు అని పేరు పడిపోయింది. "కుట్లు మేం వేసుకుంటాం లెండి టైలరు సారూ, కొలతలు మాత్రం మీవి," అని సర్జన్లు నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. ఆ నవ్వు పెదాల దాకా వచ్చి అక్కడే ఆగిపోతుందని గమనించే తీరిక ఆపరేషను థియేటర్లో ఎవరికుంటుంది చెప్పండి.

ఆయన దగ్గర చదువుకుంటున్న డాక్టర్ మేదిని చురుకైన పిల్ల. బంగారు పతకం తెచ్చుకున్న పిల్ల కూడాను. అందుకని తను చేసిన లెక్క తప్పంటే లోపల్లోపల కాస్త చురుక్కుమనేది. ఒక శుక్రవారం పొద్దున పూలకొట్టు ఆవిడకి పిత్తాశయంలో రాళ్ళు తీసే ఆపరేషను పెట్టారు. మనిషి పొట్టి, ఒళ్ళు మాత్రం భారీ. మత్తులో ఉన్న మనిషి తన ఊపిరి తాను తీసుకోలేదు కదా, గొంతులో గొట్టం వేసి యంత్రమే గాలి ఊదాలి. ఒక్కో విడతకి ఎంత ఊదాలో యంత్రానికి డాక్టరు చెప్పాలి. భీమశంకరం గారు ఏదో మీటింగులో చిక్కుకుని ఆ పూట ఆలస్యమయ్యారు. ఎనభై కిలోల బరువు చూసి, మనసులోనే హెచ్చవేసి, మేదిని ఏడు వందల మిల్లీలీటర్లు పెట్టేసింది. పొడుగు రాయాల్సిన గడి ఖాళీగానే ఉంది.

ఆయన వచ్చీ రాగానే ఆ గడి చూశారు. దుప్పటి కింద టేపు పరిచి కొలిచారు, నూట నలభై ఏడు సెంటీమీటర్లు. ఏడు వందలని మూడు వందలకి దించారు. నిమిషానికి ఇన్ని ఊపిరులన్న లెక్క కాస్త పెంచారు. ఊపిరి వదిలాక కూడా కొంచెం గాలి లోపల నిలిచేలా ఇంకో మీట తిప్పారు. నర్సుల ముందు మేదిని మొహం చిన్నబోయింది.

ఆపరేషను అయ్యాక డ్యూటీ గదిలో అడిగేసింది. "సార్, జబ్బు చేసిన ఊపిరితిత్తులైతే ఒప్పుకుంటాను. ఆవిడవి శుభ్రంగా ఉన్నాయి, ఎక్స్‌రే నేనే చూశాను. మంచి ఊపిరితిత్తులకి రెండు మూడు గంటలపాటు ఇంత కాపలా ఎందుకు?"

భీమశంకరం గారు టీ గ్లాసు కింద పెట్టారు. "ఏమ్మా, ఫాల్ కుట్టించాల్సిన చీర ఏదైనా ఉందా నీ దగ్గర?"

ఈ పెద్దాయనకి చాదస్తం ముదిరిందనుకుంది మేదిని. "ఉంది సార్," అంది.

"ఆదివారం పదింటికి తెచ్చుకో."

ఆదివారం ఆయన కారు కాలవ వంతెన దాటి ఒక ఇరుకు సందు మొదట్లో ఆగింది. దిగబోయే ముందు ఆయన వెనక సీట్లోంచి ఇస్త్రీ చొక్కా ఒకటి తీసి ఒళ్ళో పరుచుకున్నారు. కొత్త చొక్కా. కారు అరలోంచి బ్లేడు తీసి, పైనుంచి రెండు గుండీలు శ్రద్ధగా కోసి జేబులో వేసుకున్నారు. "బాగున్న చొక్కా కదా సార్," అంది మేదిని.

"అవునమ్మా. బాగున్నదే," అని ఆయన కారు దిగారు.

రెండో ఇంటి అరుగు మీద మంగతాయారు అనే ఆవిడ జాకెట్టుకి హుక్సులు కుడుతోంది. యాభైకి దగ్గరగా ఉంటుంది వయసు. పొట్టి మనిషి. ఒకప్పుడు భారీ మనిషే అయివుండాలి, ఇప్పుడు గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. "రండి బాబుగారూ," అని లేవబోయి, లేవలేక, గోడ పట్టుకుని మళ్ళీ కూర్చుంది. ఆ రెండు మాటలకే మధ్యలో ఒకసారి ఆగి గాలి పీల్చుకుంది. "ఈ అమ్మాయి ఎవరండీ, మీ అమ్మాయా?"

"నా స్టూడెంటు. చీరకి ఫాల్ కుట్టాలట. నాది ఎప్పటి పనే."

మంగతాయారు చొక్కా అందుకుని, దారం మొదళ్ళు వేలితో తడిమింది. "బాబుగారి చొక్కాలకి గుండీలు నిలవవమ్మా. ఏ చాకలి ఉతుకుతాడో మరి. ఊడినట్టుండదు దారం, కోసినట్టుంటుంది." తలెత్తకుండానే సూదిలోకి దారం ఎక్కించుకుంది.

లోపల మూలన కుట్టుమిషను కనిపిస్తోంది. దాని మీద మందుల డబ్బా, ఆయాసానికి పీల్చుకునే పంపు, నీళ్ళ చెంబు సర్ది ఉన్నాయి. "మిషను మీద కుట్టరా అండీ?" అంది మేదిని.

"కుట్టేదాన్నమ్మా. శ్రావణమాసం వస్తే రోజుకి పన్నెండు జాకెట్లు. కాలు తీసేదాన్ని కాదు." ఆగింది. "ఇప్పుడు నాలుగు తొక్కుళ్ళు తొక్కితే ఎనిమిది మాట్లు ఎగపీల్చాలి. అంచులూ హుక్సులే ఇక."

"నూలు నూగు పీల్చడం పడలేదేమో అండీ."

"అందరూ అదేనంటారు. పద్నాలుగేళ్ళ కిందట నాకు పిత్తాశయంలో రాళ్ళు తీశారు. రాళ్ళు పోయినయ్యి. రెండో రోజుకి ఆయాసం పట్టుకుంది. తొమ్మిది రోజులు గొంతులో గొట్టం. బతకదన్నారు." మళ్ళీ ఆగింది. "ఈ బాబుగారు ఆ తొమ్మిది రోజులూ ఇంటికి వెళ్ళలేదంట. మత్తు ఇచ్చిందీ ఈయనే, బతికించిందీ ఈయనే. నా ఒళ్ళే నాకు శత్రువు, ఎవర్నేమంటాం?"

మేదిని గురువు గారి వైపు చూసింది. ఆయన గోడ మీది క్యాలెండరు చదువుతున్నారు. అది పోయిన నెలది.

"ఇంకో మాట, ఆ జేబులో టేపు నాదే," అంది మంగతాయారు, గొంతులో కాస్త మురిపెం తొంగిచూస్తుంటే. "ఇంటికి పంపే రోజున నా సంచిలో చూసి, ఇస్తావా అని అడిగారు. మత్తు డాక్టరుకి టేపెందుకండీ అన్నాను. ఒళ్ళు పెరిగినా ఊపిరితిత్తులు పెరగవు, మనిషి పొడుగు కొలిచి గాలి పెట్టాలి అన్నారు. మరి ఇన్నాళ్ళూ ఏం చూసి పెట్టారండీ అంటే, బరువు చూసి అన్నారు. నాకు నవ్వాగలేదు. బరువు చూసి జాకెట్టు కుడితే నా మొహాన కొట్టి పోతారండీ అన్నాను." నవ్వబోతే దగ్గు వచ్చింది. మేదిని లోపలికెళ్ళి నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చింది. "ఈయన మాత్రం నవ్వలేదు. పెద్ద చదువుకున్న మనిషిని పట్టుకుని అంత మాట అనేశానేమిటా అని ఆ రాత్రంతా బాధపడ్డాను."

గుండీలు కుట్టడం అయింది. దారం పంటితో తెంపి, చొక్కా మడిచి ఇచ్చింది. చీర శుక్రవారానికి ఇస్తానంది.

తిరుగు దారిలో మేదిని మనసులో ఆ రెండు కేసులూ పక్కపక్కన పెట్టుకుంది. పొట్టి మనిషి, భారీ ఒళ్ళు, అవే రాళ్ళు. మొన్న తను ఖాళీగా వదిలేసిన గడి కళ్ళ ముందు నుంచి కదలటం లేదు. "ఆవిడకి ఎంత పెట్టారు సార్?" అంది చివరికి.

"ఎనిమిది వందలు. రాయి నాళంలో ఇరుక్కుని నాలుగున్నర గంటలు పట్టింది."

"అప్పట్లో అందరూ అంతే కదా సార్. పెద్ద ఊపిరి ఇస్తేనే ఊపిరితిత్తి ముడుచుకోదని పుస్తకాల్లోనే ఉండేదట."

"ఉండేది. నాకు పాఠం చెప్పినాయనా అదే చెప్పారు. అందుకే నన్నెవరూ ఏమీ అనలేదు. ఆపరేషను బాగా జరిగిందనే రాసుకున్నారు. ఐసీయూలో ఒక డాక్టరు మాత్రం, ఈవిడ పొడుగెంత అని అడిగాడు. నాకు తెలీదు."

"ఆయాసం దానివల్లే వచ్చిందని చెప్పలేం కదా."

"చెప్పలేం. కాదనీ చెప్పలేం."

మేదిని కిటికీ లోంచి బయటికి చూస్తూ, "ఆవిడకి ఒక్క మాట చెప్పొచ్చు కదా సార్. చేసింది చెప్పుకుంటే పోతుందంటారు," అంది.

"ఎవరికి పోతుంది?" అన్నారాయన.

హాస్టలు గేటు వచ్చింది. ఆమె దిగి తలుపు వేయబోతుంటే భీమశంకరం గారు చొక్కా మీది కొత్త గుండీలని బొటనవేలితో తడుముతూ అన్నారు.

"మంచి ఊపిరితిత్తులకి కాపలా ఎందుకని అడిగావు కదమ్మా. ఆపరేషనుకి ముందురోజు మంగతాయారు ఛాతీ విని, కేసుషీటులో 'ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయి' అని రాసింది నేనే. రాసి, కింద గీత కూడా గీశాను."