బావిలో దొరికిన వేరు

అనగనగా, మబ్బులు దారి మరిచిపోయిన ఒక ఇసుక దేశం. అందులో ఒకే ఒక్క బావి ఉన్న ఊరు. ఆ ఊరి పెద్ద సిద్ధప్ప.

మూడేళ్ళుగా చినుకు లేదు. బావి అడుగంటింది. మేకలు ఒక్కొక్కటే ఒరిగిపోతున్నాయి. ఇంకా లోతుకు తవ్వుదామని బావిలోకి దిగిన సిద్ధప్పకు అడుగున తొడంత లావు వేరు కనిపించింది. తడిగా ఉంది.

"దొంగ దొరికింది," అన్నాడు. పైకొచ్చి గొడ్డలి పట్టుకున్నాడు.

ముందు బొంతజెముడును నిలదీశాడు, ఊరంతా ఎండిపోతుంటే నువ్వెలా పచ్చగా ఉన్నావని. జెముడు దాచలేదు. ఎప్పుడో కురిసిన వానను కాండంలో నింపుకున్నానంది. ఆకులేవని అడిగితే, వాటి గుండా నీరు ఆవిరైపోతుందని రాల్చేశానంది. గమనించారా పిల్లలూ, దాని బావి దాని ఒంట్లోనే ఉంది.

తర్వాత పల్లేరు. తీగ ఏనాడో మాడిపోయింది. ముళ్ళకాయలోంచి గింజ సణిగింది. నేను తాగడమే లేదు, వాన వచ్చేదాకా నిద్రపోతున్నాను, నన్ను లేపకు అని.

మూడోది జమ్మిచెట్టు.

"ఆ వేరు నాదే," అంది జమ్మి. "నీ బావి అడుగు దాటి ఇంకా కిందికి పోయింది. అక్కడ నీళ్ళున్నాయి. దాని వెంబడే తవ్వుకో."

దొంగే దారి చూపిస్తుందా అని నవ్వాడు సిద్ధప్ప. అతని తల్లి ఓబులమ్మ అడ్డం వచ్చింది.

"తడి వేరు ఎటు పోతే అటే కదరా నీళ్ళు. మూడు రోజులు తవ్వి చూడు."

"మూడు రోజులు ఎవరు బతికుంటారమ్మా?"

చెట్టు కూలడానికి సరిగ్గా మూడు రోజులు పట్టింది. మొదటి రోజు కొమ్మలు. రెండో రోజు, మూడో రోజు మాను. ఆ సాయంత్రమే గాలి లేచింది. అన్నాళ్ళూ ఇసుకను అడ్డుకున్న చెట్టు ఇప్పుడు లేదు. తెల్లారేసరికి బావి పూడిపోయింది, వేరుతో సహా.

ఊరు కదిలింది. ఓబులమ్మ మాత్రం మొద్దు పక్కనే కూర్చుండిపోయింది. సిద్ధప్ప ఎత్తుకోబోతే చెయ్యి విదిలించుకుంది.

"నీళ్ళు నా కిందే ఉన్నాయిరా," అంది.

పోతూ పోతూ సిద్ధప్ప మడమలో పల్లేరు ముల్లు దిగింది. పీకి పారేశాడు. గింజ ఇంకా నిద్రలోనే ఉంది.

అడగడం ఒక్కటే చాలదు పిల్లలూ, కరువులో నిలబడ్డవాళ్ళు చెప్పింది నమ్మాలి కూడా.