సున్నా బరువు

హైమావతి కొత్తగా ఫిజిక్స్ టీచరైంది. నెల తిరక్కుండానే, ఇక మానేద్దామా అన్న దిగులుతో తనకు చదువు చెప్పిన సన్యాసిరావు మాస్టారింటికి వచ్చింది.

"బరువెత్తుకుని కదలకుండా నిలబడితే చేసిన పని సున్నా అని చెప్పాను మాస్టారూ. పైడితల్లి అనే పిల్ల లేచింది. దాని తమ్ముడికి కాళ్లు నిలవవు. వాళ్లమ్మ వాణ్ణి ఎత్తుకుని, గుమ్మంలో నిలబడి రోడ్డు చూపిస్తుందట. 'అదీ సున్నాయేనా టీచర్?' అంది. అవునన్నాను. 'అయితే మీయమ్మకి పనీపాటా లేదన్నమాట!' అంది పక్కనున్న కనకం. క్లాసంతా ఒకటే నవ్వు. ఆనాటి నుంచి పైడితల్లి నోరు విప్పడం లేదు."

ఆయన ముఖంలోకి చూస్తూ అడిగింది. "నేను చెప్పినదాంట్లో తప్పుందా మాస్టారూ?"

మాస్టారు లేచారు. నూతి గట్టు మీదున్న నీళ్ల బిందె తీసి ఆమె చేతుల్లో పెట్టారు.

"కాస్త పట్టుకో తల్లీ. దించకు, కదలకు."

మల్లెపందిరి దగ్గరకు వెళ్లి ఎండుటాకులు ఏరడం మొదలుపెట్టారు. ఆయన పనెప్పుడూ నత్తనడకే. హైమావతికి ముందు నవ్వొచ్చింది. తర్వాత భుజాలు లాగాయి. ఆఖరికి చేతులు వణికి, నీళ్లు తొణికి, చీరంతా తడిసింది.

అప్పుడొచ్చారు. "ఎంత పని చేశావమ్మా?"

సున్నా అనబోయింది. గుమ్మంలో నిలబడ్డ ఆ తల్లి గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మాస్టారు బిందె అందుకుని దించారు. కందిపోయిన ఆమె అరచేతుల్ని తన తువ్వాలుతో మెల్లగా అద్దారు.

"తప్పేం లేదు. సున్నాయే. కాకపోతే ముందు చేతుల్ని అడిగి, ఆ తర్వాత చెప్పాలి."

మర్నాడు హైమావతి నీళ్ల బిందెతో క్లాసుకెళ్లింది. ఒక్కొక్కరూ వచ్చి, కదలకుండా పట్టుకుని నిలబడాలంది. మొదట కిసుక్కుమన్నవాళ్లు తమ వంతయ్యాక చేతులు నిమురుకుంటూ కూర్చున్నారు. కనకం మాత్రం పంతానికి పోయి ఎంతకీ దించలేదు. పళ్లబిగువున నిలబడింది. చివరికి ముఖం ఎర్రబడి, బిందె జారేలా ఉంది.

ఎవరూ చెప్పకుండానే పైడితల్లి లేచి వెళ్లి, బిందె కింద చేతులు పెట్టింది.

"లెక్కలో సున్నాయేలేవే. ఇలాగియ్యి, దించుతాను."