గోనె గుంజిన నేల

రవళిని ఇబ్బంది పెట్టింది ఒకే ఒక్క వాక్యం.

"అసలైన గోల్ఫ్ మైదానం ఎలా ఉంటుందో నేను మొదటిసారి ఇక్కడే చూశాను."

కింద ఆమె పేరు. హైదరాబాదు అవతల కొత్తగా కట్టిన హంసవనం అనే రిసార్టు వాళ్ళు ఆ వాక్యాన్ని తామే రాసి, సంతకం చేసి పంపమన్నారు. దాన్ని నల్లరాతి మీద బంగారు అక్షరాలతో చెక్కించి మైదానం మొదట్లో నిలబెడతారట. సంతకం పెడితే ఏడాది పొడవునా అక్కడ సాధన చేసుకోవచ్చు. దేశంలో ఎక్కడ పోటీ జరిగినా వాళ్ళే పంపుతారు. ఇరవై నాలుగేళ్ళ పిల్లకి, అదీ రిజర్వేషన్ దొరకని రైళ్ళలో కర్రల సంచీ ఒళ్ళో పెట్టుకుని పోటీలకు తిరిగిన పిల్లకి, అంతకంటే ఏం కావాలి?

కావాల్సింది ఒక్కటే. ఉస్తాద్ తల ఊపాలి. ఆ తల అంత తేలిగ్గా ఊగేది కాదు.

ఉస్తాద్ అసలు పేరు ఓదెలు. బొగ్గులవాగు గని నడిచిన రోజుల్లో ఆఫీసర్ల వెనకాల గోల్ఫ్ సంచులు మోసేవాడు. మోసేవాళ్ళు ఆ మైదానంలో ఆడుకోవడానికి వారానికి ఒక్క సోమవారం అనుమతి ఇచ్చారు. ఆ సోమవారాలతోనే ఆయన ఆట నేర్చుకున్నాడు. తర్వాత బొగ్గు అయిపోయింది. గని మూతపడింది. ఆఫీసర్లు సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు. ఎవరినీ అడక్కుండా ఓదెలూ, ఇంకో ఆరుగురూ మంగళవారం కూడా ఆడటం మొదలుపెట్టారు. ఆపైన బుధవారం కూడా.

ఒకసారి పైనుంచి ఎవరో ఆ నేలలో నీలగిరి మొక్కలు నాటించాలని ట్రాక్టర్ పంపారు. ఉస్తాద్ అడ్డంగా పడుకోలేదు, నినాదాలూ చేయలేదు. ట్రాక్టర్ ఎటు తిరిగితే అటు ముందుకెళ్ళి తన ఆట తాను ఆడుకున్నాడు. మధ్యాహ్నం దాకా చూసి చూసి డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. దిగి వచ్చి, "పెద్దాయనా, గిది నాకు గూడ నేర్పుతవా?" అని అడిగాడు. అప్పటినుంచి అక్కడ ఆడేవాళ్ళు ఎనిమిది మంది అయ్యారు.

తొమ్మిదో మనిషి రవళి. ఆమె తండ్రి గని క్యాంటీన్లో వంటవాడు.

ఆ మైదానంలో గడ్డి లేదు. తొమ్మిది గుంతలున్నాయి. ఒక్కో గుంత చుట్టూ కల్లమంత గుండ్రటి చోట, వర్క్‌షాపుల్లో వాడేసిన ఇంజన్ ఆయిల్ కలిపిన ఇసుక పరిచి ఉంటుంది. నూనె పట్టిన ఇసుక గాలికి లేవదు. నల్లగా, చదునుగా నిలుస్తుంది. వీళ్ళు దాన్ని నల్లమడి అంటారు. బంతి దాని మీద బాగానే దొర్లుతుంది గానీ, ఎవరు అడుగు వేసినా అచ్చు పడుతుంది. అందుకని ప్రతి మడి అంచునా తాడు కట్టిన గోనె ఒకటీ, నీళ్ళ డబ్బా ఒకటీ ఉంటాయి. ఆడటం అయినవాళ్ళు గోనెను బరువెక్కేదాకా తడిపి, గుంత దగ్గర మొదలుపెట్టి, చుట్లు చుట్లుగా అంచుదాకా గుంజుకుంటూ రావాలి. అప్పుడు మడి మళ్ళీ నున్నగా అవుతుంది.

ఉస్తాద్ చట్టం రెండు ముక్కలు. ఆడే ముందు మడిని ముట్టుకోవద్దు. ఆడినంక ఊడ్వకుండ పోవద్దు.

రవళి చేతికి కర్ర ఇవ్వడానికి ముందు ఆరు నెలలు ఆ గోనె తాడే ఇచ్చాడాయన. ఆ ఆరు నెలలూ తొమ్మిదేళ్ళ రవళి ఇంటికెళ్ళి ఏడ్చింది. మర్నాడు మళ్ళీ వచ్చింది.

ఇప్పుడా పిల్ల ఇరవై మూడు మైదానాల్లో ఆడి వచ్చింది. వాటన్నిటికీ ఒక నోటుపుస్తకంలో మార్కులు కూడా వేసుకుంది. గడ్డికి ఇన్ని, చెరువుకి ఇన్ని, చెట్లకి ఇన్ని. బొగ్గులవాగు పేరు ఆ పుస్తకంలో లేదు. ఆట ఎక్కడ నేర్చుకున్నావని పేపరువాళ్ళు అడిగితే, "మా దగ్గర ఓ చిన్న గ్రౌండు ఉంది లెండి" అని మాట మార్చేది. ఆ నల్ల ఇసుకంటే ఆమెకు సిగ్గు. ఆ సిగ్గంటే ఇంకా సిగ్గు.

ఆ వాక్యం ఉన్న కాగితం పట్టుకుని ఆమె తెల్లవారే బస్సుకి బొగ్గులవాగులో దిగింది. ఉస్తాద్ ఇంకా మైదానానికి రాలేదు. చేతులు ఊరుకోక మొదటి మడి మీద చుట్టూ తిరుగుతూ ఇరవై బంతులు దొర్లించింది. ఇరవైకి ఇరవై పడ్డాయి. ఆ హుషారులోనే ఉస్తాద్ క్వార్టర్‌కి వెళ్ళింది.

ఆయన గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఆమెకీ ఒక గ్లాసు పోసి, కాగితం చదవమన్నాడు. చదివింది.

"ఇంకోపారి చదువు."

మళ్ళీ చదివింది.

"మొదటిసారి అని రాసిండ్రు."

"ఉత్త మాట ఉస్తాద్ అది. ప్రకటనలల్ల అట్లనే రాస్తరు."

"ఉత్త మాటకు రాయి ఎందుకు బిడ్డా?"

రవళికి చిర్రెత్తుకొచ్చింది. దారి పొడవునా మనసులో కట్టుకున్న జవాబులన్నీ ఒక్కసారి బయటపడ్డాయి.

"నువ్వు అక్కడి గడ్డి చూడలే ఉస్తాద్. అడుగు వేస్తే అచ్చు గూడ పడదు. ఆడి పోతుంటే ఎనక మనుషులుంటరు, అన్నీ వాళ్ళే చూసుకుంటరు. నేను ఇరవై మూడు చూసిన. నిజం చెప్పాల్నంటే మనది అసలు మైదానమే కాదు!"

అన్నాక ఆమెకు భయం వేసింది. వెనక్కి మాత్రం తీసుకోలేదు. ఆ మొండితనం ఎవరి దగ్గర నేర్చిందో వేరే చెప్పాలా?

ఉస్తాద్ ఆమె బూట్ల వైపు ఒకసారి చూసి, గ్లాసు అడుగున మిగిలింది కూడా తాగి, కడిగి బోర్లించాడు.

"నడువు. ఒక్క బంతి ఆడు. గుంతల పడ్డదంటే, నేనే నీ ఎంబడి వచ్చి ఆ రాయి మీద గుడ్డ తీస్త."

"ఎంత దూరం నుంచి?"

"నాలుగడుగులు."

రవళి నవ్వేసింది. నాలుగడుగుల నుంచి ఆమె బంతి తప్పి ఏడాది దాటింది.

మొదటి మడి దగ్గరికి వచ్చారు. ఉస్తాద్ వంగి బంతిని తన చేత్తోనే పెట్టి పక్కకు జరిగాడు. రవళి నిలబడింది. గుంత వైపు చూసింది, బంతి వైపు చూసింది. గడ్డి మీద ఆడి ఆడి, మధ్యలో ఉన్న నేలను చూసే అలవాటు పోయింది. మెల్లగా కొట్టింది.

బంతి తిన్నగా బయలుదేరింది. సగం దూరం వెళ్ళి చటుక్కున గెంతింది. పక్కకు తిరిగి, గుంతకు జానెడు అవతల ఆగిపోయింది.

"ఎవరుస్తాద్ ఇక్కడ ఆడి ఊడ్వకుండ పోయింది?" రవళి అరిచింది. "బుద్ధుండొద్దా? పొద్దున పొద్దున మడంతా పాడు చేసిండ్రు!"

ఉస్తాద్ చేతికర్రతో ఇసుక మీది ఒక అచ్చు చూపించాడు. తర్వాత అదే కర్రతో ఆమె కాలు చూపించాడు.

నక్షత్రాలు. అడుగున నక్షత్రాల్లాంటి రబ్బరు మేకులున్న బూట్లవి. వారం కిందట హంసవనం వాళ్ళు బహుమతిగా పంపారు. గుంత నుంచి బంతి దాకా, బంతి నుంచి గుంత దాకా, మడి నిండా ఆ నక్షత్రాలే. అంచున గోనె పొడిగా పడి ఉంది.

ఆమె మొహం మండిపోయింది. చిన్నప్పుడైతే ఇంకో బంతి ఇయ్యమని అడిగేదే. ఇప్పుడు అడగలేదు. గోనె తడిపింది. తాడు భుజానికేసుకుని గుంత దగ్గర మొదలుపెట్టింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. అంచుకు వచ్చేసరికి నక్షత్రాలన్నీ పోయాయి. కొత్త బూట్లు నూనెతో నల్లబడ్డాయి.

"నువ్వైతే ఏం చేస్తవ్ ఉస్తాద్?"

"నన్నెవలు అడిగిండ్రు సంతకం?" అని ఆయన రెండో గుంతకు బయలుదేరాడు.

రవళి సంతకం పెట్టలేదు. ఆ వాక్యం వద్దనీ, తన మాట తానే రాసిస్తాననీ హంసవనానికి కబురు చేసింది. చూద్దామన్నారు. ప్రారంభోత్సవం రోజున బూట్లు తుడుచుకుని వెళ్ళింది.

మైదానం నిజంగానే బాగుంది. అబద్ధమెందుకు, అంత పచ్చదనం చూస్తే ఎవరికైనా కళ్ళు చల్లబడతాయి. డైరెక్టర్ నరహరి ఆమెను ముందుకు పిలిచి, పట్టుగుడ్డ కప్పిన రాయికి కట్టిన దారం చేతికిచ్చాడు. కెమెరాల ముందు ఆమె లాగింది. గుడ్డ జారింది.

అదే వాక్యం. బంగారు అక్షరాలు. కింద రవళి.

"సార్, నేను సంతకం పెట్టలేదు," అంది మెల్లగా.

"పెడతారన్న నమ్మకంతోనే చేయించామమ్మా. రాయి కదా, చెక్కడానికి ముందే ఇవ్వాలి." నరహరి కెమెరాల వైపు నవ్వుతూనే అన్నాడు. "రేపు కూర్చుని మాట్లాడుకుందాం. ఇప్పుడు ఓ రెండు మంచి మాటలు చెప్పండి."

మైకు ఆమె చేతిలోకి వచ్చింది. ఏడాది సాధన, రైళ్ళ బాధ తప్పే బతుకు, అన్నీ ఆ రాతి మీదే ఉన్నాయని ఆమెకు తెలుసు. తెలిసే నోరు తెరిచింది.

"మీ మైదానం చాలా బాగుంది. కానీ నేను ఆట నేర్చుకున్న మైదానంలో గడ్డి లేదు. నల్ల ఇసుక. ఎవరి అడుగులు వాళ్ళే ఊడ్చుకోవాలి. అసలైన మైదానం నేను మొదటిసారి చూసింది అక్కడ, బొగ్గులవాగులో. నాకు ఇష్టమైంది కూడా అదే. ఈ రాయి మీద ఉన్నది నా మాట కాదు."

నరహరి మైకు కోసం చెయ్యి చాపాడు. ఆయన లాక్కునే అవసరం లేకుండా ఆమే ఇచ్చేసింది. కింద పడిన పట్టుగుడ్డ తీసి, దుమ్ము దులిపి, రాయి మీద మళ్ళీ కప్పింది. గాలికి ఎగరకుండా రెండు కొసలూ ముడి వేసింది. బూట్లు విప్పి రాయి పక్కన జతగా పెట్టింది. ఎండకు కాలుతున్న కంకర మీద మేజోళ్ళతో గేటు దాకా నడిచింది. ఒక్కరూ ఆపలేదు.

మర్నాడు బొగ్గులవాగులో దిగేసరికి పాత కాన్వాసు బూట్లు వేసుకుని ఉంది. ఉస్తాద్ ఆరో మడి దగ్గర ఉన్నాడు. జరిగిందంతా ట్రాక్టర్ డ్రైవర్ తన ఫోన్లో ఆయనకు అప్పటికే చూపించేశాడు. ఉస్తాద్ జేబులోంచి బంతి తీసి, గుంతకు నాలుగడుగుల దూరంలో పెట్టాడు.

రవళి ఈసారి బంతి నుంచి గుంత దాకా నేలంతా చూసింది. చుట్టు వెనక చుట్టు, ఎక్కడా ఒక్క అచ్చు లేదు. కొట్టింది. బంతి గుంతలోని డబ్బాలో పడి చప్పుడు చేసింది.

ఆమె నవ్వలేదు. గోనె అందుకుంది. అది అప్పటికే తడిపి ఉంది.

గుంజుతూ గుంజుతూ అంది, "సాధన పోయింది ఉస్తాద్. పోటీలు గూడ పోయినట్టే. మళ్ళ ఆ రైళ్ళే. వాళ్ళు ఇస్తమన్నవన్నీ పోయినయ్."

ఉస్తాద్ ఆఖరి చుట్టు పూర్తయ్యేదాకా ఆగాడు.

"ఆఫీసర్లు గూడ మనకిచ్చింది సోమవారం ఒక్కటే బిడ్డా. కడమ ఆరు దినాలూ మనం తీసుకున్నయే."