దాలయ్య చెంబు

అనగా అనగా, సముద్రం ఇంకా రెండు కేకల దూరం వెనక ఉన్న రోజుల్లో, ఒక ఇసక దిబ్బ. దిబ్బ మీద డెబ్బై గడపలు. ఊఁ కొట్టండి మరి, లేకపోతే కథ ఇక్కడే ఇసకలో కూరుకుపోతుంది.

ఆ దిబ్బ మీద ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. మంచినీళ్లు కావాలంటే ఉప్పుటేరు దాటి అవతలి గట్టున ఉన్న నూతికి పోవాలి. ఇంటింటికీ తెప్పలున్నాయి గాని, తెప్ప మీద చేపలు నిలుస్తాయి, నీళ్ల కుండలు నిలవవు. కుండలు మోసే పడవ ఊరంతటికీ ఒక్కటే. అది దాలయ్య తెరచాప పడవ. తెల్లారితే పోయేవాడు, నీళ్లు తెచ్చేవాడు. ఊరు తాగేది.

దాలయ్య ముసలివాడయ్యాడు. పడవ అంతకంటే ముసలిదయింది. నీళ్లు తెచ్చే పడవలోకే నీళ్లు రావడం మొదలైంది.

"మావా, బాగుసెయ్యడానికి నీ ఒంట్లో సత్తువ లేదు. అమ్మడానికి మనసు రాదు. ఏటి సేద్దాం?" అంది భార్య గున్నమ్మ.

"అమ్మేద్దారే. ఏటి మజ్జిలో ఎవుడైనా మునిగిపోతే ఆ పాపం నాది. ఊరోళ్లు ఇంకో పడవ సూసుకుంటారు."

ఇంకో పడవ ఎక్కడుంది? లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా అనుకున్నారు.

కబురు ఏరు దాటింది. అవతలి గట్టు నుంచి ఉప్పు షావుకారు పేరయ్య ఎండలో, ఒక్క మనిషి పట్టే చిన్న దోనె ఎక్కి వచ్చాడు. గున్నమ్మ కంచు చెంబుతో నీళ్లిచ్చింది. గటగటా తాగాడు. పడవ చుట్టూ ఒకసారి తిరిగాడు. "బాగుంది, తీసుకుంటాను" అన్నాడు.

మీరూ నేనూ అయితే నోరు మూసుకుని ఊరుకుందుం. దాలయ్య ఊరుకున్నాడా?

"అడుగు పలక పురుగు తినీసింది బాబూ. నువ్వు సూళ్లేదు."

"అయితే బాగుచేసి పెట్టు, వస్తాను."

షావుకారు వెళ్లాక గున్నమ్మ నెత్తి కొట్టుకుంది. "అమ్మేవోడివి గొప్పలు సెప్పుకోవాల గాని లోపాలు సెప్తావేటి!"

"రేపు ఆయన మునిగిపోతేనో?" అన్నాడు దాలయ్య.

పడవని ఒడ్డుకు లాగి పుచ్చిన పలక తీశాడు. కొత్తది వేశాడు. సందుల్లో కొబ్బరిపీచు కుక్కి గుగ్గిలం కాచి పూశాడు. ఆ సత్తువ లేని ఒంటికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఊరు అడుగంటిన కుండల్లో ఉప్పునీళ్లు కలుపుకుని తాగింది. పిల్లల పెదాలు పగిలాయి. అయినా దాలయ్యని ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే అతనికి ముల్లులా గుచ్చుకుంది.

పడవ మళ్లీ నూతి నీళ్లు తెచ్చాక షావుకారు రెండోసారి వచ్చాడు. గున్నమ్మ చెంబు ఇచ్చింది. గటగటా తాగాడు. "బాగుంది, తీసుకుంటాను" అన్నాడు.

"చాప చివికిపోయింది బాబూ. గట్టి గాలొస్తే నిలవదు."

"అయితే కుట్టించి పెట్టు, వస్తాను."

గున్నమ్మ సూది పట్టుకుని కూర్చుంది. ఆమె పక్కన ఒక్కొక్కరే వచ్చి ఊళ్లో ఆడవాళ్లంతా కూర్చున్నారు. అమ్ముడుపోయే పడవకని తెలుసు. తెలిసే కుట్టారు. ఎంత మంచివాళ్లో చూడండి.

షావుకారు మూడోసారి వచ్చాడు. గున్నమ్మ చెంబు ఇచ్చింది. సగం తాగి, పడవని చూసి మురిసిపోయాడు. "ఇప్పుడింకే లోపమూ లేదు కదా?"

దాలయ్య కళ్లు షావుకారు చేతిలోని సగం చెంబు మీద పడ్డాయి.

"ఒకటుంది బాబూ. నువ్వు తాగే నీళ్లు ఈ పడవ తెచ్చినవే. ఇది పోతే ఆ చెంబులోకి నీళ్లు రావు. ఈ లోపం బాగుసెయ్యడం నా వల్ల కాదు."

షావుకారుకి కోపం వచ్చింది. "మూడుసార్లు తిప్పావు! ముందే చెప్పొచ్చు కదయ్యా?"

"ముందే సెబుదును బాబూ. నాకే ఇప్పుడు కనబడింది."

షావుకారు చేతిలో చెంబు వంక చూశాడు. మిగిలిన సగం ఈసారి మెల్లగా, చుక్క ఒలకకుండా తాగాడు. చెంబు గున్నమ్మ చేతికిచ్చి, వచ్చిన దోనెలోనే వెళ్లిపోయాడు.

ఆ తర్వాత దాలయ్య బతికినన్నాళ్లూ నీళ్లు తెచ్చాడు. అతను పోయిన రోజున డెబ్బై గడపల వాళ్లూ తలా ఒక చెంబు మంచినీళ్లు తెచ్చి అతనికి స్నానం చేయించారు. ఆ దిబ్బ మీద అంతకుముందు ఎవరికీ అంతటి భాగ్యం దక్కలేదు.

ఇప్పటికీ ఆ తీరాన పడవ అమ్మినా, దూడని అమ్మినా, ముందు కొనేవాడి చేతికి చెంబుడు నీళ్లిస్తారు. అతను తాగేలోపు సరుకులో ఉన్న లోపాలన్నీ చెప్పెయ్యాలి. దాచినవాణ్ణి, "దాలయ్య చెంబు ఇచ్చావా?" అని నలుగురూ నిలదీస్తారు.

అన్నీ అయ్యాక కొనేవాడు చెంబులో సగం నీళ్లు ఉంచి, చివరికి ఒక్క మాట అడుగుతాడు.

"ఇది పోతే ఎవరికి దాహం?"

ఎవరి పేరైనా చెప్పారా, మిగిలిన సగం మెల్లగా తాగేసి, లేచి వెళ్లిపోతాడు.