మేక ముట్టని మొక్కలు

నల్లగుట్ట మీద ఒక్క మొక్కా మొలవలేదు. గుట్టను పచ్చగా చేయమని రాజుగారు ఊరికిచ్చిన సొమ్ము మాత్రం వనాధికారి శరభయ్య చేతుల్లోనే అయిపోయింది.

"వెయ్యి మొక్కలు నాటించాను ప్రభూ! అన్నీ ఈ ఓబుళక్క మేకలే మేసేశాయి," అన్నాడు శరభయ్య, చూడవచ్చిన రాజుతో.

మేకలు కాసే ఓబుళక్కకు మొదటి నుంచీ అనుమానమే. ఏడాదిలో ఈ మనిషి గుట్ట ఎక్కగా ఆమె చూడలేదు. రాజు గనక నమ్మితే మంద మొత్తం జప్తు.

"ఏ మొక్కలు నాటించారయ్యా?" అని వినయంగా అడిగింది.

"కానుగ! మేలైన కానుగ!"

ఆమె గుట్ట కింద దారి పక్కనున్న కానుగ చెట్టు కొమ్మ విరిచి, పొద్దుటి నుంచి పస్తున్న మేక ముందు పెట్టింది. మేక వాసన చూసి, మొహం తిప్పుకుని, శరభయ్య పట్టుకండువా కొస నమలసాగింది.

"కండువా అయినా తింటాయి గానీ, మా మేకలు కానుగ ముట్టవు ప్రభూ!"

రాజు అక్కడికక్కడే శరభయ్యను కొలువులోంచి తీసేశాడు. "ఈసారి సొమ్ము నీ చేతికే ఇస్తాను," అన్నాడు ఓబుళక్కతో.

"నన్ను మాత్రం ఎందుకు నమ్మాలి? మొక్క నా మేకకంటే ఎత్తు పెరిగాకే ఇప్పించండి."

కానుగలే నాటింది. అవి మేక తల దాటేదాకా ఒక్క కాసు ముట్టలేదు.