ఏరు దాటిన ఇప్పపూలు

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక ఏరు. ఏటికి ఇవతల జంతువులన్నీ కలిసి ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. వేసవిలో ఏరుకున్న తిండిలో పదోవంతు ఉమ్మడి గాదెలో వేయాలి. వానలు ముంచెత్తితే ముసలివాళ్లకూ పిల్లలకూ ఆ గాదే దిక్కు. దానికి కాపలా చుక్కమ్మ అనే అడవికోడి.

ఆ ఏడు ఇప్పచెట్లు విరగబూశాయి. అయినా వేసవి చివర్లో గాదె అడుగు కనబడుతోంది! చుక్కమ్మ తన గూటి వైపు చూసింది. తన పిల్లలకు ఇంకా రెక్కలైనా రాలేదు.

"ఎవరో వాటా వేయకుండా తిండి ఏరు దాటిస్తున్నారు. ఉపాయం చెప్పు పోగయ్యా," అని సాలీడును అడిగింది.

"ఏటి మీద పడిన మాను మీదుగానే కదా అందరూ దాటేది! అక్కడ దారం కడతా. అవతలి ఒడ్డున మా చెల్లెలుంది. ఎవరైనా తిండి దించితే దారం లాగుతుంది," అన్నాడు పోగయ్య.

కుందేలు దాటింది. దారం కదల్లేదు. ముళ్లపంది దాటింది. అప్పుడూ కదల్లేదు. తర్వాత ఎలుగుబంటి దుబ్బయ్య పెద్ద మూటతో వచ్చాడు. అడవిలో అందరికన్నా ఎక్కువ పూలు ఏరేది ఆయనే; ఆయన్ని పొగడని నోరు లేదు. ఏటా పేదలకు దోసెడు పూలు పంచి దండలు వేయించుకునేవాడు. చుక్కమ్మ పిల్లలకు పేర్లు పెట్టింది కూడా ఆయనే.

"మూటలో ఏముంది పెదనాన్నా?" అని అడిగింది మాను దగ్గరున్న చుక్కమ్మ.

"పడకకు ఎండాకులమ్మా. ఈ ఏడు నాకు పూలెక్కడ దొరికాయి?"

కాసేపటికి దారం గట్టిగా లాగింది.

"దారం తెగిందేమో చూడు పోగయ్యా!" అంది చుక్కమ్మ.

"తెగిన దారం లాగదమ్మా."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సాలీడు పట్టింది, చూశారా పిల్లలూ!

అందరూ ఏరు దాటి చూస్తే ఏముంది! అవతలి ఒడ్డున ఉండే గుంటనక్క గుహ నిండా ఇప్పపూలు. చుక్కమ్మకు ఏడుపొచ్చింది.

"పెదనాన్నా, ఇప్పటికైనా ఒప్పుకో. నీ వాటా వేసెయ్, చాలు."

"అవి నావి కావు. నక్కవే," అన్నాడు దుబ్బయ్య.

"అవును, నావే," అంది నక్క. దానికి మన గాదె కట్టుబాటు లేదాయె! అందరూ ఉత్త చేతులతో తిరిగొచ్చారు.

వానలు పట్టుకున్నాయి. దుబ్బయ్య తన పూల కోసం పరుగెత్తాడు.

"నీ పూలా? అందరి ముందూ నక్కవేనన్నావుగా!" అని నక్క గుహకు బండ అడ్డం పెట్టుకుంది.

దుబ్బయ్య ఆకలి ఆగక, తడుస్తూ గాదె ముందు వరసలో నిలబడ్డాడు. చుక్కమ్మ ఆయన చేతిలో ఒక్క పువ్వు పెట్టింది.

"ఇంతేనా అమ్మా?"

"గాదెలో పడింది అంతే పెదనాన్నా," అంది చుక్కమ్మ. ఆమె వెనక పిల్లలన్నీ కలిసి ఒకే పువ్వును పొడుచుకు తింటున్నాయి.

నీతి: అందరి వాటా ఎగ్గొట్టి దాచిన సొమ్ము పిల్లల నోటి దగ్గర కూడు తీస్తుంది, దాచినవాడికీ దక్కదు.