ఉప్పు పాయసం

వినండర్రా! అనగా అనగా పొన్నగిరి అని ఓ రాజ్యం. దాన్నేలే రాజుగారికి ముగ్గురు కొడుకులు. ధీరసేనుడు, వీరసేనుడు, అందరికంటే చిన్నవాడు సౌమ్యసేనుడు.

ఏడు సముద్రాల అవతల ఉద్దండుడనే మాంత్రికుడు, కువలయ అనే రాకుమారిని చెరపట్టి వంటా వడ్డనా చేయించుకునేవాడు. వాడి ప్రాణం పంజరంలోని చిలకలో ఉంది. ఆ చిలక మహా గట్టిది! భోజనాల దగ్గర ఎవరు మర్యాద తప్పినా "తప్పావ్!" అంటుంది. అంతే, వాళ్ళు రాయైపోతారు. తప్పు చెయ్యకుండా భోంచేసినవాడితో రాకుమారిని పంపేస్తానని వాడి పందెం. అయితే దొంగచాటుగా పాయసంలో దోసెడు ఉప్పు పోసేవాడు, దుర్మార్గుడు!

ఆ పందెం సంగతి విని పెద్దవాడు వెళ్ళాడు. పాయసం నోట్లో పెట్టుకుని "ఛీ, ఇదేం వంట!" అన్నాడు. "తప్పావ్!" అంది చిలక. రాయైపోయాడు.

రెండోవాడు వెళ్ళాడు. "ఆహా, అమృతం!" అన్నాడు. "అబద్ధం! తప్పావ్!" అంది చిలక. వాడూ రాయైపోయాడు.

అన్నలు ఎంతకీ తిరిగి రాకపోయేసరికి, వాళ్ళని విడిపించుకు రావాలని సౌమ్యసేనుడు బయల్దేరాడు. సముద్రం ఒడ్డున పెద్ద తాబేలు కనిపించింది.

"తాబేలు మామా, నీకు బరువు కాకపోతే వీపెక్కనా?"

"మీ అన్నలు అడక్కుండానే ఎక్కేశారు నాయనా. రా, కూర్చో!" అని అది ఏడు సముద్రాలూ దాటించేసింది.

గుమ్మం పక్కన అన్నల రాతి ముఖాలు చూసి సౌమ్యసేనుడు ఓసారి చేత్తో నిమిరాడు. తర్వాత కాళ్ళు కడుక్కుని విస్తరి ముందు కూర్చున్నాడు. కువలయ దొన్నెలో పాయసం పోసింది. గరిటె పట్టుకున్న చెయ్యి గజగజ వణుకుతోంది. ఎంతమంది చేత ఛీ అనిపించుకుందో, పాపం!

ఒక్క గుక్క తాగాడు. అమ్మో, ఉప్పు కషాయం! బాగాలేదంటే ఆవిడ చిన్నబోతుంది. బాగుందంటే అబద్ధం. సౌమ్యసేనుడు దొన్నెడూ గుటుక్కున మింగేసి, మళ్ళీ దొన్నె చాపాడు.

"ఇంకో గరిటె వెయ్యండి."

చిలక నోరు తెరిచింది. తప్పేం దొరక్క మళ్ళీ మూసేసింది.

మాంత్రికుడికి మతిపోయింది. ఉప్పు వెయ్యడం మరిచిపోయానా ఏంటి అనుకుని తనూ ఓ దొన్నెడు నోట్లో పోసుకున్నాడు. "థూ థూ!" అని అతిథి ముందే ఉమ్మేశాడు.

"తప్పావ్!" అంది చిలక.

"ఓసి నీ! నా ప్రాణం నీలోనే ఉందే! నన్నే అంటావా?"

"ఎవరైతే నాకేం? తప్పు తప్పే!"

మాంత్రికుడు రాయైపోయాడు. పంజరం తలుపు ఊడిపోయి చిలక తుర్రుమంది. వాడి మాయ వీడి, మిగతా అతిథులతోపాటు అన్నలిద్దరూ ఒళ్ళు విరుచుకుంటూ లేచారు. తమ్ముణ్ణి చూసి సంతోషం పట్టలేక ఎత్తుకుని గిరగిరా తిప్పేశారు.

"ఉప్పని తెలిసీ మళ్ళీ ఎందుకు అడిగారు?" అంది కువలయ.

"మీ చెయ్యి వణుకుతుంటే చూడలేకపోయానండీ."

కువలయ ఎన్నాళ్ళకో ఫక్కున నవ్వింది. "అయ్యో రాత! రండి, ముందు మంచినీళ్ళు తాగండి!"

పొన్నగిరిలో వాళ్ళ పెళ్ళి అంగరంగ వైభవంగా జరిగింది. నూరేళ్ళు చల్లగా రాజ్యమేలారు. వాళ్ళ ఏలుబడిలో వడ్డించేవాళ్ళని కసురుకున్నవాడు ఒక్కడంటే ఒక్కడు లేడట!